మొదటి నిమిషం పలకరింపు

ఫుట్‌బాల్ గోలీగా బతికినవాడికి మనుషులు వీపు వైపు నుంచి తెలుస్తారు. నా ఆట రోజులన్నీ త్రమేలా వీపు చూస్తూనే గడిచాయి. వెడల్పాటి వీపు, చెమటకి దానికి అంటుకుపోయిన నాలుగో నంబరు చొక్కా. వాడు ఎవణ్ణయినా కొట్టబోయే ముందు ఎడమ భుజం కాస్త కిందికి దిగేది. అవతలివాడికి అది కనిపించేది కాదు. నాకు కనిపించేది. ఇక ఎవడి పని అయిపోయిందో నాకు రెఫరీ కంటే ముందే తెలిసిపోయేది.

వాడి అసలు పేరు వాల్దొమీరో. త్రమేలా అంటే తలుపుకి వేసే చెక్క గడియ. వాడున్నంతసేపూ మా గోలు తలుపు మూసే ఉంటుందని ఊరివాళ్ళు పెట్టుకున్న పేరది. గోల్లో నిలబడి బంతులు పట్టింది నేను, తలుపు మూసిన పేరు వాడికి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

మా ఊరు సాల్గా, ఉరుగ్వే సరిహద్దుకి దగ్గర. ఎండుమాంసం ఫ్యాక్టరీ లేకపోతే మా ఊరు లేదు. పశువుల్ని కోసి, ఉప్పు పట్టించి, వాసాల మీద ఆరేస్తారు. మా ఫుట్‌బాల్ క్లబ్బు ఆ కోతగాళ్ళది. మైదానం ఫ్యాక్టరీ గోడకి ఆనుకునే ఉంటుంది, గాలి ఇటు తిరిగితే ఆట మధ్యలో నెత్తురు వాసన కొడుతుంది. ఆదివారం ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర గేటు దగ్గరే పోలీసులు కత్తులు తీసేసుకునేవాళ్ళు. కత్తులు నూరే ఇనుప కడ్డీలు మాత్రం వదిలేసేవాళ్ళు, అవి ఆయుధాలు కావు గదా అని. ఆ తెలివికి దండం పెట్టాలి. మావాళ్ళు చప్పట్లు కొట్టరు. కడ్డీకి కడ్డీ వేసి నూరుతారు. స్టాండు మొత్తం నూరడం మొదలుపెడితే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు.

ఆ నూరుడు మొదలయ్యేది ఆట మొదటి నిమిషంలో. ఎందుకంటే మా దక్షిణాదిన ఒక పద్ధతి ఉండేది, ఏ రూల్సు పుస్తకంలోనూ లేని పద్ధతి. మొదటి నిమిషంలో కొట్టిన దెబ్బకి శిక్ష ఉండదు. రెఫరీ ఈల ఊదుతాడు, వేలు ఊపుతాడు, అంతటితో సరి. ఆట మొదలవుతూనే ఒకణ్ణి బయటికి పంపితే జనం తనని ఇంటికి చేరనివ్వరని వాడి భయం. తర్వాతి కాలంలో కార్డులొచ్చాయి, పసుపూ ఎరుపూ. అయినా మొదటి నిమిషానికి కార్డు లేదు. అందుకని అవతలి జట్టులో పది నంబరు చొక్కా వేసుకున్నవాడు, అంటే వాళ్ళందరిలోకీ బాగా ఆడేవాడు, మొదటిసారి బంతి ముట్టుకోగానే మా డిఫెండరు వెళ్ళి వాణ్ణి పలకరించేవాడు. పలకరింపు అనే అనేవాళ్ళం దాన్ని. పలకరింపు బాగా జరిగితే ఆ పది నంబరు ఇక ఆటంతా బంతి వంక భయంగా చూసేవాడు. త్రమేలా అంత బాగా పలకరించినవాడు మా రాష్ట్రంలో లేడు.

నీల్జో పక్క ఊరు తిబూర్సియో వాడు. సన్నగా, నవ్వుముఖంతో ఉండేవాడు. వాడి కాలి దగ్గర బంతి పెంపుడు కుక్కలా మసిలేది. ఒక శీతాకాలం పది నంబరు చొక్కా వేసుకుని మా మైదానానికి వచ్చాడు. ఈల మోగింది, బంతి వాడి దగ్గరికి వెళ్ళింది, నా ముందున్న ఎడమ భుజం కిందికి దిగింది. త్రమేలా ఎప్పుడూ ఒకేలా వెళ్ళేవాడు. ఎడమ పక్క నుంచి, కుడికాలు ముందుకి, అరికాలు పైకి. కడ్డీలు ఇంకా స్టాండంతా అందుకోలేదు, మోకాలు విరిగిన చప్పుడు గోల్లో నిలబడ్డ నాకు వినిపించింది. నీల్జో వెంటనే అరవలేదు. తన పాదం వెనక్కి తిరిగి ఉండడం చూసి, అది ఎవరిదో అన్నట్టు చేత్తో తడిమాడు. అప్పుడు అరిచాడు.

రెఫరీ వచ్చి త్రమేలా ముఖం ముందు వేలు ఊపాడు. "మొదటి నిమిషం కాబట్టి బతికిపోయావు," అన్నాడు. స్టాండులో కడ్డీలు మోగుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం త్రమేలా బాధతో అన్నం ముట్టలేదని చెప్పుకుంటే బాగుండేది. ముట్టాడు. కాల్చిన పక్కటెముకలు రెండోసారి పెట్టించుకుని, ఎముక చీకుతూ జోకులేశాడు.

నీల్జో మళ్ళీ ఆడలేదు.

ఆట వయసు అయిపోయాక త్రమేలా కోచ్ అయ్యాడు. ఆటగాళ్ళు మా దగ్గర కోచ్‌ని కోచ్ అనరు, మాస్టారూ అంటారు. ఈ మాస్టారు ఊరూరా తిరిగి నేర్పిన చదువు ఒక్కటే. ఇసుక సంచిని మోకాలెత్తున తాడుకి వేలాడదీసి, ఎడమ పక్క నుంచి వచ్చి కుడికాలితో తన్నమనేవాడు. సంచి చిరిగితే ఆ కుర్రాడికి జట్టులో చోటు. ఎక్కడికెళ్ళినా గోలీలకి నేర్పడానికి నన్ను వెంటపెట్టుకెళ్ళేవాడు. నేను లేకపోతే వాడితో పోట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు, అందుకు. చివరికి సాల్గా క్లబ్బే మమ్మల్ని పిలిచింది. అప్పటికి వాడి కొడుకు బీరా మా జట్టులోనే డిఫెండరు.

బీరా తండ్రికి పుట్టినవాడిలా ఆడేవాడు కాదు. అవతలివాడి ఒంటికి తగలకుండా బంతి ఒక్కటీ తీసేసుకునేవాడు. బంతి పోయిందని వాడికి తెలిసేసరికి బీరా నాలుగు అడుగులు ముందుండేవాడు. నా జన్మలో అలాంటి డిఫెండర్ని చూడలేదు. వాడు నా ముందు ఆడి ఉంటే నేను గోల్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. రాజధాని నుంచి పెద్ద క్లబ్బువాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. సీజను ఆఖరి ఆటకి మళ్ళీ వస్తామనీ, నచ్చితే ఆ రాత్రే తమతో తీసుకుపోతామనీ కబురు పంపారు.

వాడి తల్లి ఇరాసిల్దా ఊరి ఆసుపత్రిలో నర్సు. నీల్జో మోకాలికి మొదటి కట్టు కట్టింది ఆవిడే, బీరాని కడుపులో మోస్తూ. బీరా మొదటిసారి క్లబ్బు చొక్కా ఇంటికి తెచ్చిన రోజు, నేనూ త్రమేలా వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఒకే సొరబుర్రలోంచి మాతే ఆకు కషాయం వంతులేసుకుని తాగుతున్నాం. ఆవిడ మొగుడి చేతిలో ఉన్న మాతే బుర్ర లాక్కుంది.

"వీడి చేత పలకరింపు చేయించనని చెప్పు," అంది.

"ఏంటే, ఒసోరియో ముందు..." అని వాడు నా వంక చూశాడు.

"ఒసోరియో ముందే చెప్పు. సాక్ష్యం ఉంటాడు. ఆ పిల్లాడి ఎముక ఈ చేతుల్లో ఎలా కదిలిందో నాకు తెలుసు. వీడి కాలు ఎవడి మీదకైనా అలా లేచిందా, ఈ ఇంట్లో నీకు అన్నం లేదు, పక్క లేదు."

"సరే, చేయించను. బుర్ర ఇటివ్వు."

"ఒట్టు వెయ్యి."

వేశాడు. కొడుకు తల మీద చెయ్యి పెట్టి మరీ వేశాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, ఆ ఆఖరి ఆట దాకా.

ఆ ఏడు మేం పట్టికలో అడుగున ఉన్నాం. మా పక్కనే తిబూర్సియో ఉంది. ఆఖరి ఆట మా ఇద్దరికీ, మా మైదానంలో. ఓడినవాళ్ళు కింది డివిజనుకి పోతారు. తిబూర్సియో మాస్టారు ఎవరనుకున్నారు, నీల్జోనే. కుంటుతూ, చేతికర్రతో, నవ్వు మానేసిన ముఖంతో. వాడు అంతకు కొద్దిరోజుల ముందే ఉరుగ్వే నుంచి సరాసోలా అనే ఒక పది నంబరుని తెచ్చుకున్నాడు. సరాసోలా దిగిన రెండు ఆటలూ తిబూర్సియో గెలిచింది. మాలో ఎవరూ వాణ్ణి చూడలేదు, రేడియోలో విన్నాం. పది నంబరు అలా తిప్పాడు, పది నంబరు ఇలా కొట్టాడు అని రేడియోవాడు గొంతు చించుకున్నాడు.

గురువారం మేం అభ్యాసం చేస్తుంటే మా అభిమానులు వచ్చారు. గేటు తాళం పగలగొట్టుకుని, ఫ్యాక్టరీలో కట్టుకునే నెత్తుటి తోలుగుడ్డలతోనే వచ్చారు. ముందు నడిచింది బెలార్మీనో, ఎముకలు విడదీసే విభాగంలో పెద్ద చెయ్యి. వాళ్ళని చూసి పారిపోబోయిన మా ఎడమ వింగరుని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, వీపు మీద కడ్డీతో రెండు అంటించారు. వాడు బురదలో పడి వాంతి చేసుకున్నాడు. మిగతావాళ్ళని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు.

"లేవకండ్రా. లేచినవాడికి వడ్డన ముందు," అన్నాడు బెలార్మీనో. తర్వాత త్రమేలా వైపు తిరిగి మర్యాదగా, "మాస్టారూ, ఇంట్లో అందరూ కులాసాయేనా?" అన్నాడు.

"ఏం కావాలో చెప్పు."

వెనకవాడి చేతిలో ఉన్న గోనెసంచి తీసుకుని త్రమేలా కాళ్ళ ముందు బోర్లించాడు. ఎద్దు కాలు. మోకాలి దగ్గర తెగ్గొట్టింది, ఇంకా వెచ్చగా ఆవిరి వస్తోంది.

"ఆదివారం మాకో కాలు కావాలి మాస్టారూ. ఆ ఉరుగ్వేవాడిది. వాళ్ళది దొరక్కపోతే మీ ఇంట్లోంచి తీసుకుంటాం."

"దొర్వలీనో ఉన్నాడు. వాడు చూసుకుంటాడు." దొర్వలీనో మా జట్టులో ముదురు డిఫెండరు, ఇసుక సంచి చించిన బాపతు.

"దొర్వలీనో వద్దు. నీ కొడుకు చెయ్యాలి." బెలార్మీనో బీరా దగ్గరికి వెళ్ళి వాడి మేజోడు పట్టుకుని చూశాడు. "చూడండ్రా, ఎంత తెల్లగా ఉందో. దొరగారు ఆదివారం రాత్రి రాజధాని వెళ్ళిపోతారు. మనం ఇక్కడ కింది డివిజన్లో కుళ్ళి చావాలి. మా చొక్కా వేసుకున్నవాడు ఒక్కసారైనా నెత్తురు అంటించుకోవాలా వద్దా?"

త్రమేలా ఒక అడుగు ముందుకేశాడు. తలతో వాడి ముక్కు మీద ఒక్కటి ఇచ్చాడు. ముక్కు చితికి ముఖమంతా ఎర్రబడింది. తర్వాత మిగతావాళ్ళు త్రమేలా మీద పడ్డారు. కడ్డీలు పైకి లేవడం, కిందికి దిగడం, ఆ చప్పుడు ఒక్కటే. నేను ఒకడి మెడ పట్టుకుంటే ఇంకొకడు నా పొట్టలో గుద్దాడు, నేలకి కరుచుకుపోయాను. అక్కణ్ణుంచే చూశాను, ఒకడు బీరా మోకాలి కింద ముంగాలి ఎముక మీద కడ్డీ ఆనించి, కొట్టకుండా, నెమ్మదిగా రాస్తున్నాడు. కత్తి నూరినట్టు.

"ఆపండి," అన్నాడు త్రమేలా బురదలోంచి. "వాణ్ణి ముట్టుకోకండి. చేస్తాడు."

వాళ్ళు వెళ్ళాక నేను అన్నాను, "పోలీసు స్టేషనుకి పోదాం పద."

"సార్జంటు ఎవడు? బెలార్మీనో బావమరిది."

"అయితే ఆదివారం బీరాకి జ్వరమని చెప్పు. పడుకోబెట్టు."

"రాజధానివాళ్ళు జ్వరం చూడ్డానికి వస్తారా?" పెదవి చిట్లి మాట సరిగా రావడం లేదు వాడికి. "ఒక్క దెబ్బరా ఒసోరియో. మొదటి నిమిషంలో. కార్డు ఉండదు. జనం చల్లబడతారు. ఆ తర్వాత మిగిలిన ఆటంతా వాడి ఆట వాడు ఆడుకుంటాడు, రాజధానివాళ్ళు అది చూస్తారు. రాత్రికి బస్సెక్కుతాడు, ఈ పీడ వదులుతుంది. ఇందులో తప్పెక్కడుంది చెప్పు?"

తప్పు ఉందని నాకు తెలుసు. ఒళ్ళు మండి వాడి సంచీ తన్ని వెళ్ళిపోయాను. మొదటి నిమిషానికి శిక్ష లేదన్న నమ్మకంలోనే మేమంతా పుట్టి పెరిగాం. దాన్ని మించిన వాదన నా దగ్గర లేదు.

ఆదివారం డ్రెస్సింగ్ గదిలో అందరూ బూట్లు కట్టుకుంటున్నారు. పైన స్టాండులో జనం కాళ్ళు దబదబలాడిస్తుంటే కప్పులోంచి సున్నం రాలుతోంది. త్రమేలా కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాడి బూటు తాడు తనే బిగించాడు.

"పది నంబరు. మొదటిసారి బంతి ముట్టుకోగానే. ఎడమ పక్క నుంచి. చిన్నప్పట్నుంచీ చూశావుగా," అన్నాడు.

"అమ్మకి ఒట్టేశావు," అన్నాడు బీరా.

"వేశాను."

"నా తల మీద."

"అవున్రా, వేశాను. ఇప్పుడేం చెయ్యమంటావు?"

బీరా తండ్రి చిట్లిన పెదవి వంక చూశాడు. "ఇంట్లో నువ్వు నాన్నవి. ఇక్కడ మాస్టారువి. నాన్న అడిగితే చెయ్యను. మాస్టారు చెప్తే చెయ్యాలి, తప్పదు. ఇప్పుడు చెప్తోంది ఎవరు?"

నేను తలుపు దగ్గర నిలబడి మనసులో మొక్కుకున్నాను, ఒరే 'నాన్న' అను, ఒక్కసారి 'నాన్న' అను అని.

"మాస్టారు," అన్నాడు త్రమేలా.

"సరే మాస్టారూ," అని బీరా లేచి వెళ్ళిపోయాడు.

రెండు జట్లూ సొరంగంలోంచి మైదానంలోకి వచ్చాయి. చలిగాలి కోసేస్తోంది. రాజధాని నుంచి వచ్చినవాళ్ళు మెడలకి మఫ్లర్లు చుట్టుకుని పై వరసలో కూర్చున్నారు. బెలార్మీనో ముక్కుకి కట్టుతో కంచె దగ్గరే ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు కడ్డీలు. అవతలి బెంచీ మీద నీల్జో చేతికర్ర పక్కన పెట్టి, పనికిరాని కాలు చాపుకుని కూర్చున్నాడు. మా వైపు ఒక్కసారీ చూడలేదు.

ఈల మోగింది. కడ్డీలు మొదలయ్యాయి. తిబూర్సియో వాళ్ళు బంతిని వెనక్కి ఆడి, అక్కణ్ణుంచి పది నంబరుకి పంపారు.

వాడు దాన్ని అరికాలితో తొక్కి ఆపాడు. బొద్దింకని తొక్కినట్టు.

పది నంబరు వేసుకునేవాడు బంతిని అలా ఆపడు. నేను వాడి ఒళ్ళు చూశాను. పశువుల్ని తోలేవాడి భుజాలు, రెండు మోకాళ్ళకీ మందపాటి కట్లు. పక్కకి చూస్తే ఎడమ చివర ఆరో నంబరు చొక్కాలో ఒక సన్నటివాడు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు, గాలికి కూడా దారిచ్చేలా.

"వాల్దొమీరో, వాడు పది కాదు," అంటూ బెంచీ మీద పక్కనున్న త్రమేలాని కుదిపి వేలు చూపించాను. "చొక్కాలు మార్చారు. సరాసోలా అదుగో, ఆరు."

మాట వినపడకపోయినా, నా వేలు చూసి త్రమేలాకి ఒక్క క్షణంలో అర్థమైంది. లేచి గీత దాకా పరిగెత్తాడు. "బీరా, వద్దు. బీరా, ఆగు," అని గొంతు పగిలేలా అరిచాడు. పక్కనే ఉన్న నాకే వినపడలేదు, నోరు కదలడం చూసి తెలుసుకున్నాను. ఊరంతా కలిసి ఇనుము నూరుతోంది.

బీరా ఎడమ పక్క నుంచి వెళ్ళాడు, కుడికాలు ముందుకి. వాడికి చేతకాని పని అది, మనసు లేని పని, అరికాలు సగమే పైకి లేచింది. పది చొక్కావాడు ఎగిరి తప్పుకోలేదు. ఎవరు ఎటునుంచి వస్తారో ముందే తెలిసినవాడిలా, ఒక్క కాలు ఎత్తి, బీరా ముంగాలి మీద దించాడు. తన బరువంతా పెట్టి దించాడు. వాడికి నీల్జో నేర్పింది ఆ ఒక్క అడుగేనని తర్వాత తెలిసింది. అమాన్సియో అట వాడి పేరు, సరిహద్దు దగ్గర పశువుల్ని తోలుకునేవాడు. ఆ తర్వాత వాడు ఏ క్లబ్బుకీ ఆడలేదు.

ఎముక మేజోడుని చీల్చుకుని బయటికొచ్చింది. తెల్లటి మేజోడు. బీరా పెట్టిన కేక కడ్డీల మోతలో కలిసిపోయింది, స్టాండులో వెనకవాళ్ళు ఉరుగ్వేవాడి కాలే విరిగిందనుకుని ఇంకాస్త గట్టిగా నూరారు. కంచె దగ్గర ఉన్నవాళ్ళు ముందు ఆపారు. తర్వాత వాళ్ళ వెనకవాళ్ళు. అలా వరస వరసా ఆగుతూ పైదాకా వెళ్ళింది. అప్పుడు బీరా కేక ఒక్కటే మిగిలింది.

త్రమేలా మైదానంలోకి పరిగెత్తాడు, వెనకే నేను. వాడు కొడుకు తల ఒళ్ళోకి తీసుకోబోతే బీరా ముఖం తిప్పుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. పీక్కుపోయేలా పట్టుకున్నాడు. రెఫరీ వచ్చాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు, గడియారం చూశాడు, చెయ్యి కిందికి దించేశాడు. అమాన్సియో ముఖం ముందు వేలు ఊపాడు.

"కార్డు," అన్నాడు త్రమేలా. "కార్డు చూపించు."

"మొదటి నిమిషం కదా త్రమేలా," అన్నాడు రెఫరీ నసుగుతూ. "నీకు తెలియందేముంది."

త్రమేలా లేచాడు. నేరుగా తిబూర్సియో బెంచీ వైపు నడిచాడు. వాళ్ళ ఆటగాళ్ళు అడ్డం రాబోయి, ముఖం చూసి తప్పుకున్నారు. ఇవాళ చావు తప్పదనుకున్నారందరూ. నీల్జో లేవలేదు. చాపిన కాలు చాపినట్టే ఉంచాడు.

"చొక్కా మార్చావు," అన్నాడు త్రమేలా.

"మార్చాను."

"నా కొడుకురా వాడు."

"నేను చొక్కా ఒక్కటే ఇచ్చాను త్రమేలా. కాలు పంపింది నువ్వు." నీల్జో చేతికర్ర పక్కకి నెట్టాడు. "కొట్టేవాడివైతే ఇటు కొట్టు. ఇది ముందే పోయింది, నొప్పి తెలీదు." తన పాడైన మోకాలు తట్టి చూపించాడు.

వాళ్ళిద్దరూ అలా ఒకణ్ణొకడు చూసుకున్నారు. ఇద్దరూ మాస్టార్లే, ఇద్దరూ ఒకే పాఠం నేర్పారు. త్రమేలా వెనక్కి తిరిగి వచ్చేశాడు.

స్ట్రెచరు బీరాని గీత దాటించింది. వాడి చోటులో దిగడానికి దొర్వలీనో చొక్కా సర్దుకుంటున్నాడు. స్టాండులో మళ్ళీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా, బెలార్మీనో ఒక్కడితో. కర్, కర్, కర్. ఒక్కొక్కళ్ళే అందుకున్నారు. కాలు కావాలని వచ్చినవాళ్ళకి కాలు దొరికింది, కానీ అది తమవాడిదే అయిపోయింది. ఇంకోటి కావాలిప్పుడు.

దొర్వలీనో గీత దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "ఎవణ్ణి మాస్టారూ?" అన్నాడు.

త్రమేలా మైదానం వంక చూశాడు. ఎడమ చివర ఆరో నంబరు చొక్కాలో సరాసోలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బీరా వయసువాడే. వాడి కాళ్ళు నీల్జో కాళ్ళలా సన్నవి. నేను త్రమేలా వెనకే ఉన్నాను, ఎప్పుడూ ఉన్న చోటే. వాడి ఎడమ భుజం కిందికి దిగింది.

నేను వాడి ముందుకి వెళ్ళాను. జీవితమంతా బంతుల్ని గుద్దిన పిడికిలితో వాడి దవడ మీద గుద్దాను. నా బలం ఉన్నంతా పెట్టాను. వాడు బెంచీ మీదికి వెనక్కి పడి, బెంచీతో సహా వెల్లకిలా పడ్డాడు. నా రెండు వేళ్ళు విరిగాయి. ఇప్పటికీ శీతాకాలం వస్తే మాతే బుర్ర ఎడమ చేత్తోనే పట్టుకుంటాను.

"ఎవణ్ణీ కాదు," అన్నాను దొర్వలీనోతో. "వెళ్ళి ఆడు, ఆడడం వస్తే."

రెఫరీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. ఆ ఆటలో చూపించిన ఎర్ర కార్డు అదొక్కటే, అది నాకు. మొదటి నిమిషం దాటిపోయిందట. నవ్వొచ్చింది నాకు. నవ్వుతూ, ఏడుస్తూ సొరంగంలోకి నడుస్తుంటే మా జనం నా మీద ఉమ్మారు, ఒకడు విసిరిన కడ్డీ చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. ఆట మేం ఓడిపోయాం. కింది డివిజనుకి పోయాం. ఊరికి ఏం మునిగిపోలేదు, మర్నాడు పొద్దున్న పశువుల్ని మామూలుగానే కోశారు.

ఆట ఇంకా సాగుతుండగానే నేను వెళ్ళేసరికి, డ్రెస్సింగ్ గదిలో బీరాని మర్దనా బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. అంబులెన్సు ఇంకా రాలేదు. ఎవరో మేజోడు కత్తిరించి, కాలికి ఒక చెక్క కట్టి పెట్టారు. వాడి ముఖం సున్నం వేసినట్టుంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. నేను వాడి పక్కన కూర్చుని ఉబ్బుతున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

"రాజధానివాళ్ళు వెళ్ళిపోయారా బాబాయ్?"

"వెళ్ళిపోయారు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. పైన కడ్డీలు ఇంకా మోగుతున్నాయి.

"నా చోటులో ఎవరు దిగారు?"

"దొర్వలీనో."

"మాస్టారు వాణ్ణి ఎవణ్ణి కొట్టమన్నాడు?"

వాడు అడిగిన తీరు చూస్తే, నేను చెప్పబోయే జవాబు మీదే వాడికి తండ్రి ఉంటాడో లేదో తేలిపోతుందని అర్థమైంది. కాలు ఎలాగూ పోయింది.

"ఎవణ్ణీ కొట్టమనలేదు," అన్నాను.

"నిజం చెప్పు."

"నా వేళ్ళ మీద ఒట్టు. ఒక్క మాట కూడా వాడి నోట్లోంచి రాలేదు."

అది అబద్ధం కాదు. రాలేదు. రానివ్వలేదు నేను. భుజం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అది నాకూ వాడి వీపుకీ మధ్య మాట.

బీరా కప్పు వంక చూశాడు. కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి.

"అయితే నాన్నని రమ్మను బాబాయ్," అన్నాడు.

తలుపు తీశాను. త్రమేలా బయట నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పక్కకి జరిగిన దవడ రెండు చేతులతో పట్టుకుని. లోపలికి రావడానికి భయపడి అక్కడే ఆగిపోయినట్టున్నాడు. చంకలో చెయ్యి వేసి లేపాను.